‘టాలరెన్స్’ అంటే సహనమేనా? ‘నాకు పడదు’ అనే మాట గురించి

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళ కోసం ఒక చిన్న పుస్తకం తెలుగు చేస్తున్నాను. ‘ఇమ్యూన్ టాలరెన్స్’ దగ్గర కలం ఆగింది. నిఘంటువు తీస్తే సహనం, ఓర్పు, సహిష్ణుత. మూడింటిలోనూ ఒకటే చిక్కు: బాధ తెలుస్తూనే ఉంటుంది, పళ్ళ బిగువున భరిస్తాం. ‘ఓర్చినమ్మకు తేటనీరు’ అంటాం కదా, నీళ్ళు బురదగా ఉన్నాయని ఆవిడకు తెలుసు కాబట్టే ఆగింది. టాలరెన్స్ అలాంటిది కాదు. దాత ఇచ్చిన అవయవం మీదికి ఒళ్ళు అసలు దాడికే దిగదు. బయటి క్రిములతో మాత్రం మామూలుగానే పోరాడుతుంది.

మా అమ్మమ్మ “ఆ ఊరి నీళ్ళు నాకు పడవు” అనేది. వంకాయ పడదు, పెన్సిలిన్ పడదు, తోడికోడళ్ళకు పడదు. వ్యాకరణం చూడండి: ‘నేను’ కాదు, ‘నాకు’. అక్కడ ఓర్చుకునే మనిషే లేడు. మరి ‘కొత్త కిడ్నీ ఒంటికి పడింది’ అంటే ఎలా ఉంటుంది?

ఒక తెలుగు మాస్టారు:
ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ ధాతువుకూ భరించడమనే అర్థం. తప్పు వాళ్ళ దగ్గరే మొదలైంది, మనం మక్కీకి మక్కీ దించుకున్నాం. కాకపోతే ‘పడటం’ అని శీర్షిక పెడితే జారిపడ్డారనుకుంటారు! ‘పొసగడం’ చూడండి.

నేను:
పొసగడం చక్కని మాట మాస్టారూ. కానీ వార్డులో ఎవరి నోటా వినలేదు.

డయాలిసిస్ యూనిట్‌లో పనిచేసే ఒక చెల్లెలు:
అక్కా, ‘ఇమ్యూన్ మెమరీ’కి, అంటే ఒకసారి తగిలిన పరాయి కణాలను ఒళ్ళు గుర్తుపెట్టుకుని మళ్ళీ వస్తే త్వరగా దాడికి దిగడానికి, ఏం పెట్టారు? మా దగ్గర రెండోసారి మార్పిడికి వచ్చినవాళ్ళకీ, చాలాసార్లు రక్తం ఎక్కించుకున్నవాళ్ళకీ, పిల్లల్ని కన్న తల్లులకీ దాత దొరకడం ఒక్కోసారి కష్టమవుతుంది. క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ వచ్చిందంటే, అంటే ఆ దాత కణాల మీదికి ఒళ్ళు ముందే సిద్ధంగా ఉందని పరీక్షలో తేలిందంటే, ఇంటిల్లిపాదికీ టెన్షన్. “ఒంట్లో పగ ఉందమ్మా” అని చెబితే వెంటనే అర్థమవుతుంది వాళ్ళకి.

నేను:
‘పగ’ వినగానే భలే అనిపించింది. 1943లో గిబ్సన్ అనే సర్జనూ, మెడవార్ అనే శాస్త్రవేత్తా గ్లాస్గోలో చూసి రాసిన కేసు అచ్చం అదే. కాలిన గాయాలున్న ఆమెకు తోడబుట్టినవాడి చర్మం అతికించారు, కొన్నాళ్ళకు పోయింది. అతని చర్మమే రెండో విడత అతికిస్తే ఇంకా త్వరగా పోయింది. కానీ చెల్లీ, పసిపిల్లలకు టీకా వేయించేదీ ఈ మెమరీ కోసమే. అక్కడ పగ అంటే బాగుండదు. ‘ఆనవాలు’ అందామా? ఒకసారి చూసినదాన్ని మళ్ళీ ఆనవాలు పట్టడం. మంచికైనా చెడ్డకైనా సరిపోతుంది.

ఒక డాక్టరు గారు:
ఆనవాలు నాకు నచ్చింది. ‘పడింది’ దగ్గర రెండు అభ్యంతరాలు.

మొదటిది, ‘నాకు పడింది’లో ఒళ్ళు ఏ పనీ చేయనట్టుంది. 1945లో ఓవెన్ అనే శాస్త్రవేత్త కవల దూడల్ని చూశాడు. కడుపులో ఉండగా రక్తం కలిసిపోయి, ఒకదాని రక్తకణాలు రెండోదాంట్లో పుట్టాక కూడా ఉండిపోయాయి. దాన్ని పట్టుకుని 1953లో బిల్లింగ్‌హామ్, బ్రెంట్, మెడవార్ ఇంకా పుట్టని ఎలుక పిల్లల్లోకి వేరే జాతి ఎలుకల కణాలు ఎక్కించారు. పెద్దయ్యాక వాటిలో కొన్ని ఆ జాతి చర్మాన్ని నిలుపుకున్నాయి. దానికి వాళ్ళు పెట్టిన పేరులో ‘ఆర్జించుకున్న’ అనే అర్థం ఉంది. పైగా టి కణాల్లో (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) దాడిని ఆపేవి వేరే ఉన్నాయి, 2025 నోబెల్ వాటి మీద పనికే ఇచ్చారు.

రెండోది పెద్దది. టాక్రోలిమస్ (ఒళ్ళు కొత్త కిడ్నీ మీద దాడి చేయకుండా ఆపే మాత్ర) వేసుకుంటున్న మనిషికి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) బాగుందని ‘పడింది’ అన్నారనుకోండి, మాత్రలు మానేస్తాడు. అలా మానేసి కిడ్నీ పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

మాస్టారు:
దాడిని ఆపే కణాలను ‘నియంత్రక కణాలు’ అని రాయకండి. సర్దిచెప్పే కణాలు అనండి.

నేను:
సర్దిచెప్పే కణాలు ఖాయం మాస్టారూ, రాసేసుకున్నాను!

డాక్టరు గారూ, మీ రెండో అభ్యంతరం విన్నాక, అప్పటికే రాసిన పేజీ కొట్టేశాను. మాత్రల వల్ల జరిగేదానికి వేరే మాట కావాలి. ‘ఊరుకోవడం’ ఎలా ఉంది? ఊరుకున్నవాడు మళ్ళీ ఎప్పుడైనా లేవొచ్చు, ఆ సంగతి తెలుగువాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. ‘పడటం’ మాత్రం మాత్రలు లేకుండా కిడ్నీ నిలిచిన చోటే వాడతాను. కిడ్నీతో పాటు అదే దాత ఎముక మజ్జ గానీ, రక్తం పుట్టించే మూలకణాలు గానీ ఎక్కించి అమెరికాలోని బోస్టన్‌లో, స్టాన్‌ఫర్డ్‌లో మాత్రలు మాన్పించగలిగిన ఆ కొద్దిమందికి.

ఇప్పుడు పేజీలో ఇలా ఉంది: “మాత్రలు వేసుకుంటున్నంత కాలం ఒళ్ళు ఊరుకుంటుంది. కిడ్నీ ఒంటికి పడిందని మీ అంతట మీరు అనుకోవద్దు.”

చెల్లీ, రేపు యూనిట్‌లో ఎవరికైనా చదివి వినిపించి, ఏమన్నారో ఇక్కడ రాస్తావా?