వాలు సీటు సైకిల్‌పై ఆఫీసుకు: బస్సుల మధ్య కనబడేదెలా?

నడుము నొప్పి వల్ల మామూలు సైకిల్ తొక్కలేక, సైకిల్‌ను మానుకోనూ లేక, వెనక్కి వాలి కాళ్లు ముందుకు చాపి తొక్కే రికంబెంట్ సైకిల్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 1934లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పోటీల నుంచి తప్పించిన రకమే ఇది. దాని వేగం మీద నాకు అనుమానం లేదు, భయమంతా హైదరాబాద్ రోడ్ల గురించే.

రోజూ మెహదీపట్నం నుంచి నానక్‌రామ్‌గూడ వెళ్లాలి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ ఉన్నా, అది మొదలయ్యేసరికి నా ఆఫీసు వచ్చేస్తుంది.

కూర్చుంటే నా తల కారు కిటికీ అంచు దగ్గరే ఉంటుంది కాబట్టి, ఎడమకు తిరిగే బస్సు డ్రైవరుకు నేను కనబడతానన్న నమ్మకం లేదు. స్పీడ్ బ్రేకర్ వచ్చినా సీటు మీద నుంచి లేవలేను, ఆ దెబ్బంతా నడుముకే తగులుతుంది. మెడ తిప్పి వెనక్కి చూడటం కష్టమని రెండు వైపులా అద్దాలు బిగించాను. పొడవాటి ఫైబర్ కర్రకు నారింజ జెండా కూడా కట్టాను (దాన్ని పిల్లలు గమనిస్తున్నారు, ఆటోవాళ్లు కాదు).

ఇలాంటి సైకిల్‌ను మన నగరాల్లో నిజంగా తొక్కుతున్నవారు దయచేసి చెప్పండి: రోడ్డు ఎడమ అంచున పోవాలా, లేక లేన్ మధ్యలో ధైర్యంగా నిలవాలా? పగలు కూడా వెనుక లైటు వెలిగించి ఉంచితే తేడా తెలిసిందా? ఎత్తు రోడ్డుపై సిగ్నల్ పడ్డాక ఊగకుండా బయలుదేరడానికి గేరు ముందే తగ్గించి ఆగడం తప్ప వేరే ఉపాయం ఉందా?