ఒకటో లెవెల్ విజార్డ్‌కి ఫైర్ బోల్ట్ తప్పనిసరా?

గోదారిగోబ్లిన్: డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్), 2014 రూల్స్. నాది కొత్త విజార్డ్ (మాంత్రికుడు), ఇంటెలిజెన్స్ 16. మొదటి లెవెల్లో కాంట్రిప్‌లు (ఎన్నిసార్లైనా వేసుకోగల చిన్న మంత్రాలు) మూడే. మేజ్ హ్యాండ్, మైనర్ ఇల్యూజన్ ఎలాగూ వదలను. దాడికి మిగిలింది ఒక్క చోటు. మావాళ్లంతా "ఆలోచించేదేముంది, ఫైర్ బోల్ట్ తీసుకో" అంటున్నారు. నిజంగా అంతేనా? పార్టీలో ఫైటర్, రోగ్ (దొంగ), క్లెరిక్ (మంత్రాలు వేసే పూజారి) ఉన్నారు.

పాతపాచిక: అంతే. డీ10 (పది ముఖాల పాచిక) డ్యామేజీ, 120 అడుగుల దూరం. పైగా వస్తువుల మీద కూడా వెయ్యొచ్చు. గడ్డివామి అంటించాలన్నా, నూనె పీపా పేల్చాలన్నా ఇదే. టోల్ ద డెడ్ కాంట్రిప్‌తో ఆ పని చేసి చూపించండి, చూస్తాను.

మోగినగంట: అన్నా, గడ్డివామి తర్వాత, ముందు ఓగర్ (భారీ రాక్షసుడు) సంగతి చూద్దాం. ఆర్మర్ క్లాస్ (దాడి తగలాలంటే ఇరవై ముఖాల పాచిక, బోనస్ కలిపి అందుకోవాల్సిన అంకె) 11. మన బోనస్ +5, అంటే ఫైర్ బోల్ట్ 75 శాతం తగులుతుంది. క్రిటికల్ (20 పడితే వచ్చే అదనపు డ్యామేజీ) పక్కన పెడితే సగటు 4.1. టోల్ ద డెడ్‌కి విజ్‌డమ్ సేవ్ (తప్పించుకోడానికి శత్రువు వేసే పాచిక) కావాలి. ఓగర్‌కి −2, మన డీసీ (సేవ్‌లో వాడు అందుకోవాల్సిన అంకె) 13, 70 శాతం ఫెయిల్. అప్పటికే గాయపడి ఉంటే డీ12 వేస్తాం కాబట్టి సగటు 4.5. ఫైటర్ ముందు ఒక్కటి తగిలిస్తే చాలు.

పాతపాచిక: మరి జాంబీ? ఆర్మర్ క్లాస్ 8, విజ్‌డమ్ సేవ్ +0. ఫైర్ బోల్ట్ 90 శాతం, మీ గంట (టోల్ ద డెడ్) 60. లెక్కకి అనువైన రాక్షసుణ్ణి ఎంచుకుంటే ఎవరైనా గెలుస్తారు.

నీలిటోపీ: ఓగర్‌కి 59 హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు). మీరిద్దరూ అర పాయింట్ కోసం జుట్టు జుట్టు పట్టుకుంటున్నారు! ఫైటర్, రోగ్ ఉన్న పార్టీలో విజార్డ్ కొట్టే నాలుగు పాయింట్లు ఎవరికి కావాలండీ? 2020లో టాషా అనే అదనపు రూల్స్ పుస్తకంలో వచ్చిన మైండ్ స్లివర్ కాంట్రిప్ తీసుకోండి. డీ6 డ్యామేజీయే, ఒప్పుకుంటా. కానీ అది తగిలినవాడి తర్వాతి సేవ్‌లోంచి డీ4 పోతుంది. దీనికి ఇంటెలిజెన్స్ సేవ్, ఓగర్ ఇంటెలిజెన్స్ 5 (అంటే −3), కాబట్టి 75 శాతం దొరికిపోతాడు. ఆ తర్వాత హిడియస్ లాఫ్టర్ (నవ్వించి కింద పడేసే మంత్రం, విజ్‌డమ్ సేవ్) వేస్తే ఫెయిలయ్యే అవకాశం 70 నుంచి 82 శాతానికి వెళ్తుంది. (ఇంటెలిజెన్స్ 4 అయితే ఆ మంత్రం అసలు పనిచేసేదే కాదు. ఒక్క పాయింట్‌తో చిక్కాడు పాపం.)

మోగినగంట: నీలిటోపీ గారూ, మొదటి రౌండు స్లివర్, రెండో రౌండు లాఫ్టర్. ఈలోగా ఓగర్ గద సగటున 13 కొడుతుంది. ఒకటో లెవెల్ విజార్డ్ దగ్గర 8 హెచ్‌పీ ఉంటే గొప్ప. ఆ 12 శాతం కోసం ఒక రౌండు పోగొట్టుకునే బదులు లాఫ్టర్ నేరుగా వేసెయ్యడమే మేలు.

నీలిటోపీ: నేనే వెయ్యాలని ఎవరన్నారు? ఇనీషియేటివ్‌లో (టర్న్‌ల వరుసలో) నా వెనకే క్లెరిక్ ఉంటే అదే రౌండులో కమాండ్ (ఒక్క మాటతో ఆజ్ఞాపించే మంత్రం) వేస్తుంది. దానికీ విజ్‌డమ్ సేవే. ఓగర్‌కి కామన్ భాష వచ్చు కాబట్టి "పారిపో" అంటే అర్థమవుతుంది కూడా. క్లెరిక్ టర్న్ ఓగర్ తర్వాత వస్తే మాత్రం మీ మాటే కరెక్టు. అప్పుడు నేనూ వెయ్యను.

గోదారిగోబ్లిన్: అందరికీ థాంక్స్. ఇప్పుడే డీఎంని (ఆట నడిపేవాణ్ణి) అడిగాను. మూల రూల్స్ పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ దాటొద్దన్నాడు. అంటే స్లివర్, టోల్ రెండూ గోవిందా.

పాతపాచిక: నేనేమీ అనట్లేదు.

నీలిటోపీ: రే ఆఫ్ ఫ్రాస్ట్ ఉందిగా. డీ8, 60 అడుగులు, తగిలితే మీ తర్వాతి టర్న్ వరకు వేగం 10 అడుగులు తగ్గుతుంది. ఓగర్ 40 కాస్తా 30 అవుతుంది. మిమ్మల్ని అందుకోవాలంటే డ్యాష్ (రెట్టింపు పరుగు) చెయ్యాలి, చేస్తే ఆ టర్న్‌లో కొట్టలేడు.

మోగినగంట: ఓగర్ దగ్గర జావెలిన్ కూడా ఉంటుంది. 30 అడుగులు దాటితే డిస్అడ్వాంటేజ్ (రెండుసార్లు పాచిక వేసి తక్కువది తీసుకోవడం), అంతే. తగిలితే సగటు 11.

పాతపాచిక: 120 అడుగుల దూరం అని మొదట్లోనే చెప్పాను.