వంచిన పైపు కట్టింగ్ మిషన్‌లో తిరిగిపోతాంది, కోత తిన్నగా రాలేదు

అనంతపురం గేట్లు
అన్నలందరికీ నమస్తే. 6 అడుగుల గేటు మీదికి ఆర్చి చేస్తాండా. ఇంచున్నర ఎంఎస్ (మామూలు ఇనుము) పైపు, బి క్లాసు (మధ్యరకం మందం). 3 అడుగుల రేడియస్‌కి రోలింగ్ చేయించి తెచ్చినా. రోలింగ్‌లో రెండు కొసలూ జానెడు జానెడు వంగకుండా మిగిలిపోతాయి కదా, వాటిని కోసేసి ఆర్చిని నిలువు పైపుల మీద కూర్చోబెట్టాల. నా దగ్గర ఉండేది 14 ఇంచుల కట్టింగ్ మిషన్. వైస్ ఎంత బిగించినా బ్లేడు సగం దిగేసరికి పైపు పక్కకు తిరుగుతాది. మా పిల్లోడు ఆ కొస మీద కాలు పెట్టి తొక్కిపట్టినా అంతే. కోసినంక నిలువు పైపు మీద పెడితే ఒక పక్క ముట్టుకుంటాంది, ఇంకో పక్క 3 ఎంఎం సందు. రెండు కొసలూ అట్లే. వెల్డింగ్‌తో నింపొచ్చు గానీ, ఈ గేటు ఓనరు పెయింటు ఎయ్యకముందే వచ్చి వేలు పెట్టి చూసే రకం. ఇంకా రెండు ఆర్చీలు కోయాల. ఎట్ల పట్టాలన్నా దీన్ని?

కర్నూలు వెల్డర్
భాయ్, వంచకముందే కొలతకు కోసుకుంటే ఈ గోలే లేదు గదా.

అనంతపురం గేట్లు
కోసి ఇస్తే కొసలు వంగవన్నా. రోలర్ల మధ్య దూరం ఎంతుందో అంత పొడవు తిన్నగానే ఉండిపోతాది. అందుకే ఎక్కువ పొడవు ఇచ్చి, వంచినంక కోయడం.

గుత్తి పాత ఫిట్టర్
గుత్తి లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైనాను. రెండు సంగతులు చెప్పు నాయనా. సందు వంపు లోపలి వైపా, బయటి వైపా? వైస్ దవడ నడిమధ్య నుంచి బ్లేడుకు ఎంత దూరం?

అనంతపురం గేట్లు
బయటి వైపు సార్. లోపలి వైపు బాగా ముట్టుకుంటాంది. దవడ 4 ఇంచులు ఉంటాది. దాని మధ్య నుంచి బ్లేడుకు 2 ఇంచులు, ఇంకొంచెం ఎక్కువే.

గుత్తి పాత ఫిట్టర్
అయితే నీ పైపు జరగడం ఒక రోగం, సందు ఇంకో రోగం. రెండూ ఒకటేననుకుని వైస్ మీద బలం పెడతాండావు. పైపు అణువంత జరక్కపోయినా నీకు ఆ సందు వస్తాది, ఎందుకో చూడు.

వైస్ పైపును మూలమట్టానికి నిలబెట్టేది దవడ మధ్యలో. కోత పడేది అక్కడ కాదు, 50 ఎంఎం అవతల. తిన్నటి పైపుకు యాడ కోసినా ఒకటే. వంపు పైపు ఆ 50 ఎంఎం పోయేసరికి ఇంకొంచెం తిరిగి ఉంటాది. 50ని నీ రేడియస్ 900 ఎంఎంతో భాగించి డిగ్రీల్లోకి మారిస్తే 3 పైచిలుకు. ఇంచున్నర పైపు బయటి కొలత 48 ఎంఎం, దానికి అడ్డంగా 3 డిగ్రీల పైచిలుకంటే 2.7 ఎంఎం. నువ్వు చెప్పిన సందు లెక్కకు లెక్క సరిపోయింది. ఆర్చిని వైస్‌లో పెట్టి తీసేసే ముక్కను బయట వదిలినావు, అందుకే బయటి అంచు పొట్టిదై లోపలి అంచు పొడుగైంది. ముక్కను వైస్‌లో పెట్టి కోసుంటే సందు లోపలి వైపు వచ్చేది.

కోత గీత ఆర్చి సెంటరు వైపు చూడాల. అంతకుమించి ఏమీ లేదు.

ఇంక జరగడం. నీ దవడ తిన్నది, పైపు వంపుది. 100 ఎంఎం దవడ మీద ఈ వంపు 1.4 ఎంఎం లేస్తాది. లోపలి వైపు దవడ రెండు కొసల్లో ముట్టుకుంటే, బయటి వైపు దవడ ఒక్క చోటే ముట్టుకుంటాది. పైపు గుండ్రం, దవడ చదును, కాబట్టి అదీ సూది మొనంత చోటే. ఎంత బిగించినా ఆ చుక్కల మీద దొర్లుతాది. అదే 40 ఎంఎం పొడవుండే V ముక్కతో పట్టినావంటే అంత పొట్టిలో వంపు 0.2 ఎంఎం చిల్లరే. పైపుకు అక్కడ తాను వంపని గుర్తే ఉండదు.

కర్నూలు వెల్డర్
సార్, V అంటే యాంగులర్ (L ఆకారం ఇనుము) ముక్కేనా? 40×40 చాలా?

గుత్తి పాత ఫిట్టర్
40×40×5 చాలు. ఇంచున్నర పైపు మూల నుంచి 24 ఎంఎం దగ్గర రెండు రెక్కలనూ ముట్టుకుంటాది, లోపల 35 ఉంది కదా. ఒక 40 ఎంఎం ముక్క కోసి, వీపున చిన్న ఫ్లాట్ పట్టీ వెల్డింగ్ చేసి, జరిగే దవడకు V నోరు పైపు వైపు పెట్టి బిగించు. పైపు పైకి లేవడం దాంతో ఆగిపోతాది.

వెనక వైపుకు ఇంకో 16 ఇంచుల యాంగులర్ తీసుకో. ఒక రెక్క ఫెన్స్‌కు (వైస్‌లో కదలని వెనక దవడకు) ఆనించి రెండు బోల్టులు వెయ్యి. మిషన్ ఒకసారి దించితే బ్లేడు దాంట్లో గాడి కోసుకుంటాది, ఇంక ఆ గాడే నీ గుర్తు. గాడికి అటు 100, ఇటు 100 ఎంఎం కొలిచి రెండు 16 ఎంఎం రాడ్డు ముక్కలు నిలువుగా వెల్డింగ్ చెయ్యి. కొలత అరచేతిలో రాసుకుని చెయ్యి, ఇక్కడ తప్పితే అన్నీ తప్పుతాయి. పైపు లోపలి వంపు ఈ రెండు రాడ్లకూ ఆనుకుంటే, గాడి దగ్గర కోత తనంతట తానే సెంటరు వైపు తిరుగుతాది. మూలమట్టం పెట్టే పని లేదు.

ఇంకొక్క మాట. కోత అయిపోయేసరికి అవతలి రాడ్డుకు ఆనే ముక్క ఊడిపోతాది. అప్పుడు ఆర్చి ఒక్క రాడ్డు మీదా వైస్ మీదా నిలబడి బ్లేడు మీదికి తిరగాలని చూస్తాది. కాబట్టి వైస్ V ఎదురుగా, వెనక పైపుకూ యాంగులర్‌కూ మధ్య మిగిలిన సందులో 20 ఎంఎం స్క్వేర్ రాడ్డు ముక్క ఒకటి దూర్చి అప్పుడు బిగించు. రాడ్డు 16, ఆ చోట వంపు 4, కలిపి 20. నీ రేడియస్‌కు ముక్క అతికినట్టు సరిపోతాది.

కడప రెయిలింగ్
సార్ లెక్క అదిరింది. ఆ పిల్లోడి కాలు సంగతి ఎవరూ అనలేదేందన్నా? నేను చెప్తా.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఇట్లే ఒక వంపు పైపు కోస్తాంటే, తెగిపోయే ముక్క కింద పడి గీతలు పడతాయని నేను ఆ కొసను చేత్తో పైకి ఎత్తిపట్టినా. ఎత్తేసరికి కోత పైన మూసుకుంది, బ్లేడు పట్టేసింది. టప్ మని పగిలి ఒక తునక రేకు గోడలో గుచ్చుకుంది. గార్డు ఉండబట్టి మేస్త్రీకి ఏం కాలేదు. నాకు మాత్రం రెండు దెబ్బలు పడినాయి, మేస్త్రీ చేత. తొక్కినా ఎత్తినా ఒకటే, కాలు ఎంత బరువు వేస్తాందో కాలికే తెలీదు. వంచిన పైపులో బిగువు ఉంటాది, తెగేటప్పుడు అది తన ఇష్టం వచ్చినట్టు కదులుతాది. ఉంచుకునేది గట్టిగా పట్టు, తీసేసేది వదిలెయ్. దాని కింద ఒక ఇటుక ఒక అర ఇంచు తక్కువ ఎత్తులో పెట్టు చాలు, కొస కిందికే వాలుతాది.

అవతల తొమ్మిదడుగుల ఆర్చి గాల్లో వేలాడతాంటే ఏ V అయినా తిప్పుకుంటాది. మిషన్ బెడ్ ఎత్తుకు కడప బండ ముక్కలు పేర్చుకో. మా ఊర్లో దానికి కొదవ లేదు. ఆర్చి మొత్తం పడుకుని ఉండాల, అడ్డంగా రసమట్టం పెట్టి చూసుకో. లేదంటే రెండు కొసల కోతలూ ఒకదానికొకటి మెలికపడి వస్తాయి. అప్పుడు నిలువు పైపులు రెండూ తూకంగా ఉన్నా ఆర్చి ముందుకు వాలుతాది.

కర్నూలు వెల్డర్
ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) పైపుకు ఈ ఇనప V పెడితే గీతలు పడతాయి గదా?

కడప రెయిలింగ్
పడతాయి. నేను చెక్క వాడతా. 40 ఎంఎం మందం వేప చెక్కకు పైపు సైజు హోల్ సా (గుండ్రం బెజ్జం కోసే రంపం) వేసి, ఆ బెజ్జం మధ్యగా రెండుగా కోస్తా. రంపం తినేసిన 2 ఎంఎం వల్లనే బిగించినప్పుడు పైపును పట్టుకుంటాది. బెజ్జం వేసి కోయకపోతే పట్టదు. 1.2 ఎంఎం గోడ పైపయితే లోపల చెక్క బిరడా కొట్టుకో, లేకుంటే గుండ్రం కోడిగుడ్డు అవుతాది. నిప్పురవ్వలు చెక్క మీద పడతాయి, పక్కన నీళ్ల మగ్గు ఉండాల.

కర్నూలు వెల్డర్
ఇప్పటికే బిగించేసిన ఆర్చిని కోయాలంటే?

గుత్తి పాత ఫిట్టర్
అప్పుడు ఏజీ ఫోరే (4 ఇంచుల చేతి గ్రైండరే) గతి. హోస్ క్లిప్ ఒకటి చుట్టి బిగించి, దాని అంచు వెంట గీత గీసి చుట్టూ కొంచెం కొంచెంగా కోసుకుంటూ పో. కాగితం చుట్టొద్దు, వెడల్పు కాగితం వంపు లోపలి వైపు ముడతపడి గీతను తప్పిస్తాది. క్లిప్ సన్నం కాబట్టి నిలబడతాది.

అనంతపురం గేట్లు
సార్, నిన్న రాత్రి కూర్చుని యాంగులర్ జిగ్ చేసినా. పొద్దున నేల మీద సుద్దతో ఆర్చి పూర్తి సైజు గీసి, సెంటర్లో మేకు కొట్టి దారం లాగి కోత గీతలు వేసుకున్నా. కోయకముందు స్విచ్ ఆపేసి బ్లేడు దించి చూస్తే గీత మీద వెంట్రుకవాసి కూడా తేడా లేదు. ఒక చిన్న మోసం జరిగింది. మొదటి కొస బాగా వచ్చింది, రెండోదానికి 1 ఎంఎం సందు. చూస్తే ఆ కొసలో తిన్నటి భాగం ఇంకా మిగిలుండాది, అవతలి రాడ్డు దాని మీదే ఆనింది.

గుత్తి పాత ఫిట్టర్
రెండు రాడ్లూ వంపు మీదే ఆనాల. అవతల ఇంకో 4 ఇంచులు వంపు మిగిలేటట్టు రోలింగ్ వాడికి పొడవు పెంచి ఇవ్వు. దీనికి ఆ 1 ఎంఎం గ్రైండ్ చేసుకో.

అనంతపురం గేట్లు
చేసినా సార్. ఓనరు వచ్చి వేలు పెట్టినాడు, ఏం మాట్లాడకుండా పోయినాడు.