యుద్ధ వార్తలో తప్పు ఫొటో పడితే పత్రికను ఎగతాళి చేయొచ్చా?

మల్కాపురం, మాజీ నేవీ
యుద్ధ వార్తకు మన విశాఖ ఎడిషన్‌లోనే ఓ పత్రిక ‘ఐఎన్ఎస్ విక్రాంత్’ అని రాసి అమెరికా విమానవాహక నౌక ఫొటో వేసింది. విక్రాంత్ డెక్ ముందు కొస పైకి లేచి ఉంటుంది, విమానం ఆ ఎత్తు మీంచే గాల్లోకి లేస్తుంది. వీళ్లు వేసినదాని డెక్ కొసదాకా చదునుగా ఉంది. 2024 ఫిబ్రవరిలో ‘మిలన్’ నౌకాదళ విన్యాసాలకు విక్రాంత్ మన తీరానికే వచ్చిందాయె! తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్లో ఇంత నిర్లక్ష్యమా? మీమ్ చేసి పెట్టాను. నలుగురూ నవ్వితే గానీ వీళ్లకు బుద్ధి రాదు.

అక్కయ్యపాలెం, మాజీ సబ్‌ఎడిటర్
తప్పు పేజీలు కూర్చే డెస్క్‌దే అన్నా, వెనకేసుకురాను. పేజీ వదిలే వేళ పాత ఫొటో వాడక తప్పకపోతే కింద ‘ఫైల్ ఫొటో’ అని వేయాలి. కానీ మీ మీమ్ కింద విలేకరిని తిడుతున్నారు. ఫొటో ఎంపిక ఆయన చేతిలో ఉండదు.

సీతమ్మధార
ఓడ ఫొటోకి నవ్వితే పోయేదేం లేదు సార్. శవాల ఫొటో దగ్గరే నాకు భయం. 2012 మేలో సిరియాలోని హౌలాలో ఊచకోత జరిగింది. ఆ వార్తకు బీబీసీ వెబ్‌సైట్ 2003లో ఇరాక్‌లో మార్కో డి లారో తీసిన ఫొటో పెట్టింది. తెల్లటి మూటల్లో వరసగా అస్థిపంజరాలు, వాటి మీంచి దూకుతున్న పిల్లాడు. ఫొటో హౌలాది కాదు, నిజమే. చావులు మాత్రం నిజం. 108 మంది చనిపోయారని, అందులో 49 మంది పిల్లలని ఐక్యరాజ్యసమితి చెప్పింది. అలాంటి ఫొటో మీద మీమ్ నాలుగు గ్రూపులు తిరిగేసరికి ‘అంతా కట్టుకథే’ అనేస్తారు. చచ్చిపోయిన పిల్లల్ని మళ్లీ అబద్ధం చేసినట్టే కదా?

మల్కాపురం, మాజీ నేవీ
మరి 2006లో బీరుట్ మీద పొగను కంప్యూటర్‌లో దట్టం చేసిన రాయిటర్స్ ఫొటో సంగతో? పట్టుకున్నది బ్లాగర్లే. గోల చేశారు కాబట్టే, ఆ ఫొటోగ్రాఫర్ అద్నాన్ హజ్ తీసిన 920 ఫొటోలనూ ఆ సంస్థ తీసేసింది.

సీతమ్మధార
అది కావాలని చేసిన మోసం, ఎండగట్టాల్సిందే. అయినా వాళ్లు గెలిచింది వెక్కిరించి కాదు సార్. ఒకే పొగ ముద్ర పదే పదే ఎక్కడెక్కడ అతికించారో గీతలు గీసి చూపించారు. మీరూ డెక్ తేడా అంత బాగా చెప్పారు, అదే మీమ్‌లో లేదు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టండి, అసలుది ఏ నౌకో రాయండి. తప్పు పడిన పేజీలోనే సవరణ వేయమని ఎడిటర్‌కి లేఖ రాద్దాం. సంతకం పెడతారా?

మల్కాపురం, మాజీ నేవీ
పెడతాను. విలేకరిని తిట్టిన కామెంట్లు ఇప్పుడే తీసేస్తున్నా. సవరణ పడేదాకా మీమ్ మాత్రం తీయను.