అప్‌డేట్: అమ్మ యూరిన్ కల్చర్ రిపోర్టు వచ్చింది

ఐదు రోజులు సిప్రోఫ్లాక్సాసిన్ వాడినా అమ్మకు మూత్రంలో మంట ఎందుకు తగ్గలేదని గతవారం అడిగాను. మందు మార్చే ముందు కల్చర్ (మూత్రంలోని బాక్టీరియాను ల్యాబులో పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) చేయించమన్న మీ సలహా పాటించాము.

మూడో రోజున వచ్చిన రిపోర్టులో ఈ-కొలై అనే బాక్టీరియా పెరిగినట్టు ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ పేర్ల పక్కన 'ఆర్' (మందుకు లొంగదు) అనీ, నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ పక్కన 'ఎస్' (మందుకు లొంగుతుంది) అనీ ఉన్నాయి. ఈ బాక్టీరియా ఈఎస్‌బీఎల్ అనే ఎంజైములను తయారుచేసి, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ వంటి సెఫలోస్పోరిన్ మందుల అణువులోని బీటా-లాక్టమ్ వలయాన్నే తెంచివేస్తుందనీ, ఆ ఎంజైముల జన్యువులు ప్లాస్మిడ్ల (బాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయాల) ద్వారా పక్కనున్న వేరే బాక్టీరియాకు కూడా చేరగలవనీ డాక్టరు గారు ఓపికగా వివరించారు. సిప్రోఫ్లాక్సాసిన్ సంగతి వేరు: అది పట్టుకోవలసిన డీఎన్‌ఏ గైరేజ్ ఎంజైములోనే మార్పు వస్తే మందు దానికి సరిగా అంటుకోదట.

గత ఏడాది రెండుసార్లు పాత చీటీ చూపించి మందుల షాపులో అవే మాత్రలు తెచ్చింది నేనే. అలా వాడటం వల్లే బాక్టీరియా మందుకు లొంగకుండా పోయిందేమోనని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

జ్వరం, నడుము నొప్పి లేనందువల్ల, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూశాక, డాక్టరు గారు నైట్రోఫ్యురాంటోయిన్ ఐదు రోజులకు రాశారు. మూడో రోజుకే మంట పోయింది. స్ట్రిప్పులో మిగిలిన నాలుగు క్యాప్సూళ్లను కూడా అమ్మ వేళ తప్పకుండా వేసుకుంటోంది.