సమస్య: ఇంట నడుగిడఁ డాతఁడే యింటిపెద్ద

నిర్వాహకుడు: నిన్న రాత్రి మా ఆవిడ బిగ్ బాస్ షోలో వ్యాఖ్యాత నాగార్జునని చూస్తూ, "ఆ ఇంట్లో కాలు పెట్టడు గానీ పెత్తనమంతా ఈయనదే" అంది. నా చెవిలో అది పాదమై కూర్చుంది. శివుడు, శ్మశానం, ఇల్లరికపు అల్లుడు వద్దు. ఈ పాదం చివర వచ్చేలా, ఈసారి టీవీ వ్యాఖ్యాతల మీదే పద్యం రాయండి. గడువు ఆదివారం రాత్రి.

పద్మజ:

వారమంతయుఁ జూచును వారి గొడవ
శనియు నాదివారమ్ముల సభను దీర్చుఁ
దెరను గన్పించి తిట్టును, దీపి పంచు
ఇంట నడుగిడఁ డాతఁడే యింటిపెద్ద

రెండో పాదంలో శ–స యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరే అక్షరం) వేశాను. యతిరాజు గారికి సమ్మతమేనా? ఉగాది సమస్యకి చ–స వేస్తే తప్పన్నారు కదా, అందుకని ముందే అడుగుతున్నాను.

యతిరాజు: శ–స మీద ఎవరికీ పేచీ లేదమ్మా. ఉగాది సంగతి వేరు. ఇంతకీ ఈ పద్యంలో చమత్కారం ఏదీ? వార్త చదివినట్టుంది.

డల్లాస్ బావ: చమత్కారం కావాలా, ఇదుగో. అసలు పెద్ద నాగార్జున కాడు, కనిపించని బిగ్ బాస్ గొంతు.

గొంతు మాత్రమే, రూపమ్ము కొంతయేని
కానరాదు, హోస్టునకైనఁ గాదు వశము
ఆజ్ఞ యిచ్చిన నందఱు నదిరి పడఁగ
ఇంట నడుగిడఁ డాతఁడే యింటిపెద్ద

యతిరాజు: బావగారూ, "హోస్టునకైన" అని షష్ఠీ విభక్తి తగిలించేస్తే తెలుగైపోతుందా? "వ్యాఖ్యాత" అనే మాట ఉంది.

డల్లాస్ బావ: ఉంది సార్. ఆ ఇంట్లో ఉన్నవాళ్లని ఒకసారి వ్యాఖ్యాత అనమనండి, బిగ్ బాస్ "తెలుగులో మాట్లాడండి" అని వాళ్లనే మందలిస్తాడు. మరి మీ పూరణ ఏదీ?

యతిరాజు: వ్యాఖ్యాతల వరుసంతా చెప్పాను.

తారకుఁడు మొదట, పిదప నాని వచ్చె
మూఁడవది మొద లిప్పటి ముచ్చటలకు
మన్మథుఁడె నిల్చె నవ్వుచు మాటతోడ
ఇంట నడుగిడఁ డాతఁడే యింటిపెద్ద

పద్మజ: మొదటి పాదం మరోసారి చదువుకోండి మాస్టారూ. "తా"కీ "నా"కీ ఏ మైత్రి? పేరేమో యతిరాజు!

డల్లాస్ బావ: 😂 ఉగాది బాకీ వడ్డీతో సహా వసూలైంది.

యతిరాజు: తొందరలో జారింది. పదాలు తప్పుగానీ వరుస తప్పు కాదు. 2017లో జూనియర్ ఎన్టీఆర్, 2018లో నాని, 2019 నుంచి నాగార్జున.

డల్లాస్ బావ: వరుస అంటే గుర్తొచ్చింది. పోయినేడు కోటీశ్వరుడి మీద సమస్య ఇస్తే యతిరాజు గారు "కుర్చీ మారదు, మనిషి మారడు" అనే అర్థంలో రాశారు. ఆ కుర్చీ మారినంతగా ఏదీ మారలేదు. 2014లో మా టీవీలో "మీలో ఎవరు కోటీశ్వరుడు" నాగార్జునతోనే మొదలైంది. మూడు సీజన్లు ఆయన, నాలుగోది 2017లో చిరంజీవి. ఆ 2017లోనే బిగ్ బాస్ మొదలెట్టిన ఎన్టీఆర్, 2021లో జెమినీలో "ఎవరు మీలో కోటీశ్వరులు" అంటూ అదే ఆటకి వచ్చాడు. ఈయన ఆ కుర్చీలోంచి ఈ ఇంటికి, ఆయన ఈ ఇంట్లోంచి ఆ కుర్చీకి!

యతిరాజు: ఆ పద్యానికి అప్పట్లో మీరే "బాగుంది" అన్నారు. నా దగ్గర ఉంది.

డల్లాస్ బావ: గణాలు, అంటే ఛందస్సు లెక్క, బాగున్నాయన్నాను.

తేటనీరు: పెద్దలు కొట్టుకుంటుంటే మధ్యలో దూరుతున్నాను, మన్నించాలి.

తండ్రి కట్టిన చోటనే తాను నిలిచి
యన్నపూర్ణలో వెలసిన యద్దపుటిలు
కన్ను లార్పక కావలి గాచుచుండు
ఇంట నడుగిడఁ డాతఁడే యింటిపెద్ద

నిర్వాహకుడు: అబ్బ! మొదటి సీజన్ సెట్టు లోనావాలాలో. ఆ తర్వాత ఇల్లు హైదరాబాదు వచ్చి అన్నపూర్ణ స్టూడియోలో దిగింది. అది నాగార్జున తండ్రి అక్కినేని నాగేశ్వరరావు గారు పెట్టిన స్టూడియో. అంటే ఇంటిపెద్ద మాట అలంకారం కాదు, అక్షరాలా నిజం. "అద్దపుటిలు" కూడా ఊరికే పడలేదు. ఆ ఇంటి గోడల నిండా అద్దాలు, వాటి వెనక కెమెరాలు.

యతిరాజు: పూరణ బాగుంది, కాదనను. కానీ సమస్యే అబద్ధం కదా? సీజన్ మొదటిరోజు నాగార్జునే లోపలికెళ్లి పడకలూ వంటగదీ తిప్పి చూపిస్తాడు. అడుగిడఁ డనడం ఎలా కుదురుతుంది?

నిర్వాహకుడు: అబద్ధం లేకపోతే అది సమస్య ఎలా అవుతుంది మాస్టారూ?

పద్మజ: "ఆతఁడే" కూడా పూర్తిగా నిజం కాదు. 2019లో ఒక వారాంతం రమ్యకృష్ణ వచ్చి నిలబడింది. 2020 దసరాకి నాగార్జున షూటింగుకి మనాలీ వెళితే అప్పటి కోడలు సమంత నడిపింది. అత్తారింటి పెత్తనం కోడలికి అంత సులువుగా దొరికిన ఇల్లు ఇంకోటి లేదు. "ఆమెయే" అని పడేట్టు ఇంకో సమస్య ఇవ్వండి.

తేటనీరు: యతిరాజు గారూ, చిన్న సవరణ చెప్పనా? నాని రెండో సీజనే కదా, రెండో పాదానికి దింపేస్తే సరిపోతుంది.

తారకుఁడు తొలుదొల్తను, దాని పిదప
నాని, మూఁడవ యేఁటికి నవమదనుఁడు
వచ్చి నేఁటికి విడువక వరుస నడిపె
ఇంట నడుగిడఁ డాతఁడే యింటిపెద్ద

యతిరాజు: బాగుంది బాబూ. "తొలుదొల్త" నాకు తట్టలేదు. పద్మజ గారూ, ఉగాది పద్యం మళ్లీ చూశాను. చ–స మైత్రి ఉంది. మూడో పాదంలో గణం మాత్రం ఇప్పటికీ తప్పే.

పద్మజ: ఏ గణం?