జోన్ నంబర్ చూసి మొక్క కొనాలా, రోహిణి కార్తె చూసి కొనాలా?

పటమట మిద్దెతోట:
అందరికీ నమస్కారం. ఈ ఎండాకాలం నా మిద్దె మీద జరిగింది చూసి మనసు విరిగిపోయింది, అందుకే అడుగుతున్నాను. ఫిబ్రవరిలో ఆన్‌లైన్‌లో రెండు హైడ్రేంజియాలు, మూడు లావెండర్లు, ఒక ఆపిల్ అంటు మొక్క తెప్పించుకున్నాను. హైడ్రేంజియా కింద ‘జోన్ 5 నుంచి 11 వరకు’ అని రాసి ఉంది. విజయవాడ ఏ జోన్ అని వెతికితే 12 అని వచ్చింది. ఒక్క అంకె తేడాయే కదా, కాస్త నీడలో పెడితే బతుకుతుందిలే అనుకున్నాను.

ఏప్రిల్ దాకా బాగానే ఉన్నాయి. మేలో మొదలైంది. పొద్దున్నే నిండుగా నీళ్లు పోసినా మధ్యాహ్నం మూడయ్యేసరికి హైడ్రేంజియా ఆకులు పిండి ఆరేసిన గుడ్డల్లా వేలాడేవి. మట్టి చూస్తే తడిగానే ఉంది, అయినా నీళ్లు చాల్లేదేమో అని ఇంకా పోశాను. ఒక రోజు రాత్రి తొమ్మిదికి కుండీలో వేలు పెడితే మట్టి వెచ్చగా తగిలింది. మర్నాడు సాయంత్రం నాలుగింటికి థర్మామీటర్ గుచ్చాను. 44 డిగ్రీలు. నల్ల ప్లాస్టిక్ కుండీ, కింద స్లాబు. రోహిణి కార్తె సగం గడిచేలోపు హైడ్రేంజియాలు రెండూ పోయాయి. లావెండర్లు ఎండకు తట్టుకున్నాయి గానీ, మధ్యలో వచ్చిన ఒక్క గాలివానకు మొదలు కుళ్లిపోయాయి. ఆపిల్ మాత్రం ఆకులు మాడినా బతికే ఉంది.

ఈ జోన్ నంబర్ల వల్ల మనకు ఉపయోగం ఉందా, లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, ఆ నంబర్ చలి లెక్క. ఎండ లెక్క కాదు. ఇది తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అమెరికా వ్యవసాయ శాఖవాళ్లు వాళ్ల దేశం కోసం వేసుకున్న పటం అది. ఒక ఊళ్లో ఏడాది మొత్తంలో అతి చల్లని రాత్రి ఎంతకు దిగుతుందో చూసి, చాలా ఏళ్ల సగటు కట్టి, 13 జోన్లు చేశారు. ఒక్కో జోన్ 10 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే మన లెక్కలో అయిదున్నర డిగ్రీల పైచిలుకు. 12వ జోన్ అంటే అతి చల్లని రాత్రి 10 నుంచి 15.6 డిగ్రీల మధ్య. మనకు ధనుర్మాసంలో వచ్చే గట్టి చలి రాత్రులు అంతే, కాబట్టి 12 అన్నది తప్పు కాదు. కానీ ఆ పటం జవాబు చెప్పే ప్రశ్న ఒక్కటే: ఈ మొక్క మంచుకు చస్తుందా, చావదా? బెజవాడలో, గుంటూరులో మంచుకు చచ్చిన మొక్కను ఎవరైనా చూశారా?

మా అమ్మాయి సియాటిల్‌లో ఉంటుంది. వాళ్ల వీధిలో ప్రతి ఇంటి ముందూ హైడ్రేంజియా పొద నా భుజాల ఎత్తున ఉంది, ఒక్కో పూగుత్తి కొబ్బరికాయంత. 2023లో వచ్చిన కొత్త పటంలో ఆ ఊరు 9వ జోన్. ఆరిజోనా ఎడారిలో ఉన్న టక్సన్ కూడా 9వ జోనే! చలికాలం రాత్రుల వరకు రెండూ ఒకటే, ఎండాకాలం మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. అలాంటప్పుడు ఆ అంకె చూసి మన మే నెల గురించి ఏం తెలుసుకుంటాం?

మన పెద్దవాళ్లు కార్తెలు పెట్టింది ఇందుకే. రోహిణిలో రోళ్లు పగులుతాయి అన్నారు. రోహిణి దాటిన మొక్క మనది. దాటలేనిది ఎంత అందంగా ఉన్నా మనది కాదు.

మంగళగిరి గ్రో బ్యాగ్:
మాస్టారూ, మీరంటే గౌరవం, కానీ ఈ మాట సగమే ఒప్పుకుంటాను. జోన్ నంబర్ పనికిరాదు అనకూడదు, చదివే పద్ధతి వేరు అనాలి. లేబుల్ మీద ‘5 నుంచి 11’ ఉంటే మొదటి అంకె చూసి ఆగిపోవాలి. 5 అంటే గడ్డకట్టే చలిలో పుట్టిపెరిగిన జాతి, మనకు అనుమానమే. ‘10 నుంచి 12’ అని ఉంటే అది చలికి ఓర్వలేని మొక్క, అంటే వేడి దేశాలది. దేవగన్నేరు, కాగితం పూలు, ఎడీనియం, డ్రాగన్ ఫ్రూట్... ఇలాంటివాటి మొదటి అంకె 9, 10 దగ్గరే ఉంటుంది. ఊరు పేరు తెలియని విదేశీ మొక్క ఎదురైనప్పుడు నాకు అదే మొదటి జల్లెడ. కార్తెలు ఆ మొక్క గురించి ఏమీ చెప్పవు కదా.

ఇంకో పటం కూడా ఉంది. 1997లో అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీవాళ్లు వేడి జోన్ల పటం తెచ్చారు. ఏడాదిలో 30 డిగ్రీలు దాటే రోజులు ఎన్ని అనేదే అందులో లెక్క. మొత్తం 12 జోన్లు, 210 రోజులు దాటితే చివరి జోన్.

పైగా ఊరి వాతావరణం వేరు, నా మిద్దె వాతావరణం వేరు. 50 శాతం గ్రీన్ నెట్ కట్టి, పడమటి పిట్టగోడ నీడన పెట్టి, ఒక కుండీని ఇంకో పెద్ద కుండీలో దింపి మధ్యలో కొబ్బరి పీచు నింపితే మట్టి వేడి చాలా తగ్గుతుంది. అక్కా, మీ హైడ్రేంజియా చచ్చింది జోన్ వల్ల కాదు, నల్ల కుండీ వల్ల.

ఆపిల్ గురించి: నా దగ్గర ‘అన్నా’ రకం నాలుగేళ్లుగా ఉంది. ఇజ్రాయెల్‌లో తయారైన రకం, చలి తక్కువ చాలు. ఇండోనేషియాలో మలాంగ్ దగ్గర రైతులు ఆకులు చేత్తో దూసేసి చెట్టుకు శీతాకాలం వచ్చినట్టు చేస్తారని చదివి, నేనూ డిసెంబరులో అలాగే దూశాను. ఈ ఏడాది ఏడు కాయలు నిలిచాయి. నిమ్మకాయంత ఉన్నాయి, పులుపే. కానీ కాసింది. మనకు రాదు అని ముందే చేతులెత్తేస్తే ఎవరూ ఏదీ ప్రయత్నించరు.

బ్రాడీపేట మాస్టారు:
నాయనా, నువ్వు చెప్పిన వేడి పటం సంగతే చూడు. మనకు డిసెంబరు, జనవరి తీసేస్తే ఏడాదంతా దాదాపు 30 దాటే ఉంటుంది. 210 రోజులు దాటాక వాళ్లు ఇంక లెక్కపెట్టరు. వాళ్ల కొలబద్ద ఎక్కడ అయిపోతుందో మనం అక్కడ మొదలవుతాం. 31 డిగ్రీల కార్తీకం, 44 డిగ్రీల వైశాఖం ఆ లెక్కలో ఒకటే.

ఆపిల్‌కు 7 డిగ్రీల లోపు చలి గంటలు కావాలి. మామూలు రకాలకు దాదాపు వెయ్యి గంటలు, నీ అన్నాకు రెండు మూడు వందలు. మన ఊళ్లలో అలాంటి గంటలు సున్నా. మలాంగ్ తోటలు కొండ మీద ఉన్నాయి, అక్కడ రాత్రులు చల్లన. హిమాచల్‌లో హరిమన్ శర్మ గారు కనిపెట్టిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 రకాన్ని కూడా ‘ఎండ ప్రాంతాల ఆపిల్’ అని ఇక్కడ అమ్ముతున్నారు. ఆయన గొప్ప రైతు, 2025లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఆయన ఉండే బిలాస్‌పూర్ జిల్లాలో చలికాలం రాత్రులు మన రాత్రుల్లాంటివి కావు. నీ ఏడు కాయలు నీ ఓపిక ఫలం బాబూ, ఆ ఓపిక అంటే నాకు ముచ్చటే. కానీ 600 రూపాయలు పెట్టి కొనే కొత్తవాళ్లకు అది చూపించి ఆశ పెట్టకూడదు.

కంకిపాడు నర్సరీ:
నేను మొక్కలు అమ్మేవాణ్ణి, నా మాట కూడా వినండి. మాకు లోడు ఎక్కువగా కడియం నుంచి వస్తుంది. హైడ్రేంజియా, జెర్బెరా లాంటివి బెంగళూరు, పుణె వైపు పాలీహౌస్‌ల నుంచి వస్తాయి. అక్కడ చల్లగా, తేమగా, ఎరువు నీళ్లతో పెరిగిన మొక్క. ఆకు పట్టుకుంటే మెత్తగా ఉంటుంది. దాన్ని లారీ దించిన రోజే మిద్దె మీద పెడితే ఏ జోన్ అయినా చస్తుంది. పది రోజులు నీడలో ఉంచి, తర్వాత పొద్దుటి ఎండ, ఆ తర్వాతే పూర్తి ఎండ. మా దగ్గర హైడ్రేంజియా నవంబరు నుంచి జనవరి వరకే ఉంటుంది. కొనేవాళ్లకు ‘పూలు ఉన్నన్నాళ్లు చూసుకోండమ్మా, మే దాటదు’ అని చెప్పే ఇస్తాను.

ఇంకో సంగతి. కవర్ మొక్కల్లో చాలావాటికి వేరు చుట్టూ కోకోపీట్ ఉంటుంది. అలాగే మన నల్లరేగడిలో పెడితే పైన మట్టి తడిగా కనిపిస్తుంది, లోపల పీచు ముద్ద ఎండిపోయి ఉంటుంది. నాటే ముందు ఆ ముద్దను బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచాలి.

మంచి మొక్క కావాలంటే నేనొక ఉపాయం చెబుతాను. మే ఆఖర్లో, మధ్యాహ్నం రెండింటికి ఏదైనా నర్సరీకి వెళ్లండి. నెట్ కింద ఉన్నవి చూడొద్దు. రోడ్డు పక్కన బయట వరసలో ఏ నీడా లేకుండా నిలబడి, చివుళ్లు వేస్తున్నవి ఏవో రాసుకోండి. నందివర్ధనం, గన్నేరు, మల్లె, నూరు వరహాలు, కాగితం పూలు, సపోటా. అవి రాసుకుని ఇంటికెళ్లి, మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక వచ్చి కొనండి.

పటమట మిద్దెతోట:
అన్నయ్యా, ఇది బాగుంది. బెంజిసర్కిల్ నుంచి కంకిపాడు దాకా బండి మీద వెళ్తూ చూసినా తెలిసిపోతుంది.

సింగ్‌నగర్ పెరడు:
మీరంతా ఎండ గురించే మాట్లాడుతున్నారు. మా పెరడును ఎండ చంపలేదు, నీళ్లు చంపాయి. 2024 సెప్టెంబరు మొదటి వారం బుడమేరు వాగు పొంగి వచ్చినప్పుడు మా వీధిలో నడుంలోతు నీళ్లు. దిగేసరికి వారం పైనే పట్టింది. బొప్పాయి రెండో రోజుకే ఆకులు పసుపెక్కి వాలిపోయింది, నీళ్లు దిగాక చేత్తో లాగితే వేరుతో సహా వచ్చేసింది. మా అత్తగారు పెట్టిన పదిహేనేళ్ల కరివేపాకు చెట్టు నెల రోజులు నిలబడి ఎండిపోయింది. నిమ్మ పోయింది. కొబ్బరి, జామ, గోడ పక్కన నేరేడు బతికాయి. జామ ఆకులన్నీ రాల్చేసి కార్తీకంలో మళ్లీ చిగురేసింది. ఆ చిగురు చూసి మా అత్తగారు ఏడ్చారు.

కరివేపాకు మన మొక్కే, ఎన్నో రోహిణిలు దాటింది. మరి మాస్టారి లెక్క ప్రకారం అది మనదే కదా? ఎండ ఓర్చడం ఒక్కటే చాలదండీ. మొక్క పెట్టే ముందు ఆ చోట వాన నీరు ఎన్ని గంటలు నిలుస్తుందో చూడాలి. నేనిప్పుడు కరివేపాకును రెండడుగుల ఎత్తు మట్టి దిబ్బ మీద పెట్టాను.

బ్రాడీపేట మాస్టారు:
తల్లీ, మీరు చెప్పింది నిజం. రోహిణి ఒక్కటే పరీక్ష అన్నట్టు రాయడం నా పొరపాటు. మా పెరట్లో కూడా నల్లరేగడే. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు, వానాకాలం చెప్పు ఊడిపోయే బంక. పటమటలో లావెండర్ పోయిందీ మొదలు దగ్గర నీరు నిలవడం వల్లే, వేడి వల్ల కాదు.

అందుకే మన దేశంలో వ్యవసాయానికి మండలాలు విడగొట్టినప్పుడు చలి రాత్రులు కాకుండా వాన, నేల, పంటలు చూశారు. మన గుంటూరు పక్కన లాం పరిశోధన కేంద్రం చెప్పే సిఫార్సులు ఆ లెక్కన వచ్చేవే. పెరటి మొక్కకు కూడా అదే సరైన దారి.

ఇంకొక్కటి, రాత్రి వేడి. దీని గురించి ఎవరూ మాట్లాడరు. మేలో మనకు తెల్లవారుజామున కూడా 28 దగ్గరే ఉంటుంది. రాత్రి అంత వేడిగా ఉంటే టమాటా పూస్తుంది గానీ పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. నెట్ కట్టినా పగటి ఎండ తగ్గుతుందే కానీ రాత్రి చల్లబడదు. అదే టమాటా నారు వినాయకచవితి తర్వాత పోస్తే సంక్రాంతికి గంపల కొద్దీ. మొక్క మారలేదు, నెల మారింది.

మంగళగిరి గ్రో బ్యాగ్:
రాత్రి వేడి సంగతి ఒప్పుకుంటున్నాను మాస్టారూ. నెట్ కింద నా టమాటా రెండేళ్లు పూత రాల్చింది, నేను బోరాన్ లోపం అనుకుని మందు కొట్టాను. కానీ నా మాట మీదే ఉన్నాను: ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు చేతిలో ఉన్నది ఆ నంబరే. దాన్ని తీసిపారేస్తే ఫొటో చూసి కొంటారు, అది ఇంకా నష్టం. మొదటి అంకె 9 కంటే తక్కువైతే ఆగండి, ఎక్కువైతే అప్పుడు మీరన్న రోహిణి, నీటి నిలువ చూడండి. ఆపిల్ మాత్రం నేను పీకను.

కంకిపాడు నర్సరీ:
తమ్ముడూ, లేబుల్ మీద చివరి అంకెను కొందరు అమ్మేవాళ్లు వాళ్ల ఇష్టానికి పెంచి రాస్తున్నారు. హైడ్రేంజియాకు 9 దాటి ఉండదు చాలా రకాలకు. అక్కకు 11 అని ఎలా రాశారో!

మంగళగిరి గ్రో బ్యాగ్:
అది నిజంగా అన్యాయం అన్నా. అలాంటి పేజీ చూస్తే ఆ రకం పేరు వేరే రెండు మూడు చోట్ల సరిచూసుకోవాలి.

పటమట మిద్దెతోట:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం హైడ్రేంజియా కుండీలు రెండూ ఖాళీ చేశాను. వేళ్లు గోధుమరంగులో, పట్టుకుంటే పై పొర జారిపోతోంది. ఎండకు వాడిందనుకుని నేను పోసిన నీళ్లే వాటిని కుళ్లబెట్టాయని ఇప్పుడు అర్థమైంది. నల్ల కుండీల బదులు మట్టి కుండీలు తెచ్చాను, స్లాబుకు తగలకుండా ఇటుకల మీద పెట్టాను. ఆపిల్ పీకడానికి చెయ్యి రాలేదు. డిసెంబరులో ఆకులు దూసి చూస్తాను, మాస్టారు కోప్పడకూడదు.

ఖాళీ కుండీల్లో మల్లె పెడదామనుకుంటున్నాను. ఈ నెలలో కొమ్మ నాటితే వేరు పోసుకుంటుందా?

బ్రాడీపేట మాస్టారు:
కోపమెందుకమ్మా. మల్లెకు ఇదే అదను. పెన్సిల్ లావున్న కొమ్మ, జానెడు పొడవు, రెండు కణుపులు మట్టిలోకి వెళ్లాలి. నీడన పెట్టు. వచ్చే జనవరిలో మాత్రం నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించాలి, అప్పుడే మార్చికి మొగ్గ కడుతుంది. మా పందిరి మల్లెకు నలభై ఏళ్లు. ఆదివారం గుంటూరు వచ్చే పని ఉంటే చెప్పు, తడి గోనెసంచిలో చుట్టి పది కొమ్మలు ఇస్తాను.